బబుల్‌టిప్ అనిమోన్ రెండుగా చీలితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం, పెట్టుకున్నవాళ్ళలో చాలామంది మొదట తెచ్చుకునే అనిమోన్ (రాయిని పట్టుకుని బతికే మెత్తటి సముద్ర జంతువు) బబుల్‌టిప్. శాస్త్రీయ నామం ఎంటక్మియా క్వాడ్రికలర్. ఎర్రసముద్రం నుంచి జపాన్, ఆస్ట్రేలియా దాకా రీఫ్‌ల మీద, అంటే పగడపు దిబ్బల మీద పెరుగుతుంది. ట్యాంక్‌లో కుదురుకున్నాక ఏదో ఒకరోజు అది చీలుతుంది. చూసినవాళ్ళకి టెన్షన్ మొదలవుతుంది. కింది ప్రశ్నలన్నీ ఆ టెన్షన్‌లో అడిగేవే. వీటన్నిటికీ ముందు ఒక మాట: చీలుతున్న అనిమోన్ మీద చేయి వేయకండి. దాన్ని చూడటం కంటే, గత రెండు వారాల్లో మీ ట్యాంక్‌లో ఏం మారిందో చూడటం ముఖ్యం.

పొద్దున లైట్ వెలిగేసరికి ఒకటి కాస్తా రెండయ్యాయి. రెండోది ఎక్కడి నుంచి వచ్చింది?

బయటి నుంచి ఏదీ రాలేదు. మీ అనిమోనే రాత్రికి రాత్రి నిలువునా చీలింది. అమీబా, పారమీషియం బొమ్మలు వేసి స్కూల్లో ద్విధావిచ్ఛిత్తి అని చదువుకున్నాం కదా, నోరు, కండరాలు, కడుపు ఉన్న ఈ జంతువు కూడా అలాంటి పనే చేయగలదు. రెండింటిలో ఒకటి తల్లి, ఇంకోటి పిల్ల అనుకోవడానికి లేదు. రెండూ ఆ పాత అనిమోనే. జన్యువులు ఒకటే, ఆడో మగో అదీ ఒకటే.

చీలడం ఎలా జరుగుతుంది?

అనిమోన్‌కి ఎముక లేదు, పెంకు లేదు. కింద రాయిని పట్టుకునే పాదం, పైన నోరు, నోటి చుట్టూ వేళ్ళలా సాగి కుట్టే టెంటకిల్స్. తినడానికీ విసర్జించడానికీ ఆ ఒక్క నోరే దారి. చీలే ముందు పాదం సాగడం మొదలవుతుంది. ఒక కొస ఇటు, ఇంకో కొస అటు జరుగుతాయి. పైనుంచి చూస్తే గుండ్రంగా ఉండాల్సింది కోలగా అవుతుంది. గంటలు గడిచేకొద్దీ నడుమ సన్నబడి, రెండు పక్కలా టెంటకిల్స్ గుంపులుగా విడిపోయి, మధ్యలో పల్చటి కండ మాత్రం మిగులుతుంది. చివరికి అదీ తెగుతుంది.

నోరు సగం సగం పంచుకోవచ్చు, లేదా దాదాపు మొత్తం ఒక ముక్కకే పోవచ్చు. నోరు దక్కని ముక్క కొత్తది కట్టుకుంటుంది. తెగిన అంచులు లోపలికి మడుచుకుని ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. మొదటి రోజుల్లో ఆ ముక్కని చూస్తే భయం వేస్తుంది. ఒక పక్క టెంటకిల్స్ ఉండవు, లోపలి పొరలు బయటికి కనిపిస్తాయి, రంగు కూడా పాలిపోయినట్టు ఉంటుంది. వారం, రెండు వారాల్లో గాయం మూసుకుంటుంది. ఆ తర్వాత అతుకు దగ్గర చిన్న టెంటకిల్స్ మొలుస్తాయి. కొన్నాళ్ళకి ఎక్కడ తెగిందో వెతికినా దొరకదు.

ఎంతసేపు పడుతుంది?

కొన్ని గంటల నుంచి ఒకటి రెండు రోజులు. సాగినట్టే సాగి, మళ్ళీ గుండ్రంగా అయిపోయేవీ ఉన్నాయి. అదీ మామూలే.

అన్ని అనిమోన్లూ చీలుతాయా?

లేదు. ట్యాంకుల్లో తరచుగా చీలేది బబుల్‌టిప్. మాగ్నిఫికా అనే ఇంకో జాతి కూడా చీలుతుంది. మ్యాక్సీ మినీ అని అమ్మే చిన్న కార్పెట్ రకం కూడా చీలి గుంపు కడుతుంది. హడోనీ, జైగాంటియా లాంటి పెద్ద కార్పెట్ అనిమోన్లు ట్యాంక్‌లో చీలడం చాలా అరుదు. కరీబియన్ నుంచి వచ్చే కాండిలాక్టిస్, రాక్ ఫ్లవర్ అనిమోన్లు కూడా అంతే. రాక్ ఫ్లవర్ అయితే పిల్లల్ని కడుపులో పెంచి నోటి నుంచి బయటికి వదులుతుంది. మీ దగ్గర ఉన్నది పెద్ద కార్పెట్ అయి, అది నిలువునా విచ్చుకుంటుంటే దాన్ని చీలడం అనుకోకండి, జబ్బు అనుకునే చూడండి.

బాగుండి చీలిందా, బాధలో చీలిందా?

అందరూ అడిగేది ఇదే. బాగా తింటే చీలుతుందని ఒకరు, నీళ్ళు చెడితే చీలుతుందని ఇంకొకరు చెప్తారు. రెండూ నిజమే.

సముద్రంలో ఈ జాతి రెండు రకాలుగా కనిపిస్తుంది. తక్కువ లోతులో, వెలుతురు, అలల తాకిడి ఎక్కువగా ఉన్నచోట చిన్నచిన్న అనిమోన్లు పక్కపక్కనే గుంపులుగా ఉంటాయి. అవి చీలి చీలి ఏర్పడిన గుంపులు. లోతు పెరిగేకొద్దీ ఒంటరిగా, బాగా పెద్దగా పెరిగేవి కనిపిస్తాయి. అంటే చీలడం దీని జీవితంలో భాగమే, అదొక రోగలక్షణం కాదు. ఫ్రెంచ్ పాలినేషియాలోని మొరియా దీవి దగ్గర మాగ్నిఫికా అనిమోన్ల మీద చేసి 2005లో ప్రచురించిన అధ్యయనం ఇంకో సంగతి చెప్పింది. క్లౌన్‌ఫిష్ కాపురం ఉన్న అనిమోన్లు, చేపలు లేనివాటి కంటే వేగంగా పెరిగాయి, ఎక్కువగా చీలాయి, తక్కువగా చచ్చిపోయాయి. చేప విసర్జించే అమ్మోనియా అనిమోన్ ఒంట్లో ఉండే జూజాంథెల్లే శైవలాలకి ఎరువవుతుంది, చేప అనిమోన్‌ని తినడానికి వచ్చేవాటిని తరిమేస్తుంది. కాబట్టి బాగా పెరిగి చీలడం అనేది నిజంగా ఉంది.

అలాగే ఉప్పుదనం ఒక్కసారిగా పడిపోయినా, వేడి పెరిగినా, లైట్ మార్చి మొదటి రోజే పూర్తి బలంతో వెలిగించినా అనిమోన్ చీలుతుంది. ఒకటి పోయినా ఇంకోటి మిగులుతుంది కదా. ఆ లెక్కలో చూస్తే ఇదీ బతికే దారే.

తేడా కనిపెట్టాలంటే చీలికకి ముందు వారాలు గుర్తుచేసుకోండి. అనిమోన్ పెద్దదవుతూ, రంగు నిండుగా, పెట్టింది పట్టుకుని తింటూ, ఒకేచోట కదలకుండా ఉండి చీలితే కంగారు అక్కర్లేదు. చీలే ముందు చిక్కిపోయి, రంగు వెలిసి, ట్యాంకంతా తిరిగి, ఆ తర్వాత చీలితే నీళ్ళు వెంటనే పరీక్షించండి. నెలరోజుల్లో రెండు మూడుసార్లు చీలి, ముక్కలు చీలిన ప్రతిసారీ ఇంకా చిన్నవైపోతుంటే అది కచ్చితంగా మంచి సూచన కాదు.

నీళ్ళలో ఏం పరీక్షించాలి?

ఉప్పుదనం 35 పీపీటీ (వెయ్యి భాగాల్లో 35 భాగాల ఉప్పు) దగ్గర, అంటే స్పెసిఫిక్ గ్రావిటీ 1.025, 1.026 మధ్య. వేడి 24 నుంచి 27 డిగ్రీల సెల్సియస్. ఆల్కలినిటీ (నీళ్ళ ఆమ్లత్వం మారకుండా ఆపే శక్తి) 8 నుంచి 10 డీకేహెచ్. అమ్మోనియా, నైట్రైట్ సున్నా. నైట్రేట్ 5 నుంచి 20 పీపీఎం ఉంటే ఇబ్బంది లేదు, పూర్తిగా సున్నా చేయాలని తాపత్రయపడొద్దు. నా అభిప్రాయంలో ఈ అంకెలు సరిగ్గా ఉండటం కంటే నిలకడగా ఉండటం ముఖ్యం. 34 దగ్గర ఏడాదంతా ఉన్న ట్యాంక్, 33కీ 36కీ మధ్య ఊగే ట్యాంక్ కంటే వెయ్యిరెట్లు నయం.

ఉప్పుదనానికి నీళ్ళలో తేలే హైడ్రోమీటర్‌ని నమ్ముకోకండి, రిఫ్రాక్టోమీటర్ కొనండి. భీమవరం వైపు రొయ్యల చెరువుల వాళ్ళు వాడేది ఇదే పరికరం, ఆక్వా మందుల షాపుల్లో అడగండి. కొన్నాక 35 పీపీటీ కాలిబ్రేషన్ ద్రవంతో సరిచూసుకోవాలి. ఇక బోరు నీళ్ళు, మున్సిపల్ నీళ్ళు నేరుగా పోయడం ఆపండి. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాల్ని తీసేసే డీఐ ఫిల్టర్ కూడా దాటి టీడీఎస్ సున్నా చూపించే నీళ్ళే వాడాలి.

చీలుతున్నప్పుడు నేను ఏం చేయాలి?

దూరంగా ఉండాలి. చేత్తో విడదీయొద్దు. ఆ కండ ఇంకా తెగలేదని కత్తెర పెట్టొద్దు. తిండి పెట్టొద్దు. నీళ్ళ మార్పు ఆ రోజు షెడ్యూల్‌లో ఉంటే రెండు మూడు రోజులు ఆగండి. అమ్మోనియా కనిపిస్తే మాత్రం ఆగకండి. లైట్ మామూలు టైమింగ్స్‌లోనే నడవనివ్వండి. మంచిదని చెప్పి ఏ మందూ, అయోడిన్ కూడా, పోయకండి. రాగి ఉన్న చేపల మందులైతే ఎప్పటికీ వద్దు. రాగి అనిమోన్లని చంపేస్తుంది.

చేయాల్సిన ఒకే ఒక పని వేవ్‌మేకర్లకి (నీళ్ళని కదిలించే మోటార్లు), పంపుల నోటికి స్పాంజ్ లేదా మెష్ గార్డు తొడగడం. కొత్తగా తెగిన ముక్కకి రాయి మీద పట్టు గట్టిగా ఉండదు, చోటు నచ్చకపోతే లేచి తేలిపోతుంది. రాత్రిపూట అది వేవ్‌మేకర్‌లో ఇరుక్కుంటే పొద్దున్నకి నీళ్ళు పాలలా తెల్లబడి, ముక్కలైన అనిమోన్ విషంతో చేపలు కూడా పోతాయి. ఇలా ట్యాంకులు మొత్తంగా పోయిన సంఘటనలు ఉన్నాయి. గార్డు అందం చెడగొడుతుందని తీసేసేవాళ్ళు ఉన్నారు. అనిమోన్ ఉన్నంతకాలం తీయొద్దు.

చీలుతోందా, చచ్చిపోతోందా? ఎలా తెలుస్తుంది?

చీలుతున్నది రాయిని పట్టుకునే ఉంటుంది. సాగినా, టెంటకిల్స్ తగిలినదానికి అతుక్కుంటాయి. చచ్చిపోతున్నది పాదం వదిలేసి పడిపోతుంది, నోరు తెరుచుకుని లోపలిది బయటికి వస్తుంది, ఒళ్ళు జారిపోతూ దారాలుగా ఊడుతుంది. అనుమానం తీరకపోతే నీళ్ళలోనే ఒక కప్పులోకి తీసుకుని పైకి తెచ్చి వాసన చూడండి. కుళ్ళిన వాసన వస్తే ఇక ఆలస్యం చేయొద్దు, తీసేసి, నీళ్ళు మార్చి, నీళ్ళని శుభ్రం చేసే కార్బన్ కొత్తది పెట్టండి.

రోజులో ఒక పూట ముడుచుకుని, గోధుమరంగు చెత్త కక్కి, మళ్ళీ విచ్చుకోవడం మాత్రం చావూ కాదు, చీలికా కాదు. అది కడుపు ఖాళీ చేసుకోవడం.

చీలాక తిండి ఎప్పుడు పెట్టాలి? ఏం పెట్టాలి?

నోరు మూసుకుని, టెంటకిల్స్ మళ్ళీ అతుక్కుంటున్నాయని తెలిశాక. సాధారణంగా వారం దాటాక. ఈలోపు లైటు, ఒంట్లో ఉన్న జూజాంథెల్లే దాన్ని పోషిస్తాయి. మొదటిసారి చాలా చిన్న ముక్క, మైసిస్ రొయ్య ఒకటి రెండు చాలు. ఉమ్మేస్తే ఊరుకోండి, ఇంకో నాలుగు రోజులకి చూడండి.

కోలుకున్నాక వారానికి ఒకటి రెండుసార్లు సరిపోతుంది. మన దగ్గర పచ్చి రొయ్యలకి కొరత లేదు. పెంకు, తల తీసి, మంచినీళ్ళలో కడిగి, ఫ్రీజర్‌లో పెట్టుకుని, వేలిగోరంత ముక్కలుగా కోసి పెట్టండి. ఉప్పు, పసుపు తగిలినవి, వండినవి వద్దు. పెద్ద ముక్క పెడితే త్వరగా పెరుగుతుందన్న ఆశతో నోటికి మించింది పెట్టొద్దు. అరగనిది రెండోరోజు బయటికి కక్కుతుంది, నీళ్ళు చెడతాయి.

ముక్కల్లో ఒకటి ట్యాంకంతా తిరుగుతోంది. పాత చోట్లో పెట్టనా?

వద్దు. అనిమోన్ తన చోటు తనే వెతుక్కుంటుంది. పాదం దాచుకోవడానికి రాతి సందు, టెంటకిల్స్‌కి వెలుతురు, మితమైన ప్రవాహం దానికి కావాలి. ఇవి దొరికేదాకా తిరుగుతుంది. మీరు పీకి పెట్టిన ప్రతిసారీ పాదం చిరిగే ప్రమాదం ఉంది. పాదం చిరిగితే కోలుకోవడం కష్టం.

తిరిగేదారిలో మీ పగడాలు ఉంటే వాటినే జరపండి. అనిమోన్ తగిలిన పగడానికి కుట్టిన చోట కండ ఊడిపోతుంది.

రెండు ముక్కలూ ఒకదాన్నొకటి కుట్టుకోవా?

ఒకే అనిమోన్ నుంచి వచ్చినవి కుట్టుకోవు, టెంటకిల్స్ కలిసిపోయి ఉంటాయి. వేరే జాతి అనిమోన్‌ని పక్కన పెడితే మాత్రం గొడవ తప్పదు. బబుల్‌టిప్ ఉన్న చిన్న ట్యాంక్‌లోకి కార్పెట్ అనిమోన్ తేవద్దని నా గట్టి సలహా.

క్లౌన్‌ఫిష్ రెండింటిలో దేంట్లో ఉంటుంది?

దానికి నచ్చిన దాంట్లో. ఎక్కువగా పెద్ద ముక్కని ఎంచుకుంటుంది, లేదా రెండింటి మధ్యా తిరుగుతుంది. సమస్య ఏంటంటే, పెద్ద ఆడ క్లౌన్‌ఫిష్, ముఖ్యంగా మెరూన్ రకం, చిన్న ముక్కలో దూరి పొర్లి దాన్ని విచ్చుకోనివ్వదు. అలాంటప్పుడు చిల్లులున్న ప్లాస్టిక్ బుట్ట ఒకటి ముక్క మీద బోర్లించి వారం, పది రోజులు చేపని దూరంగా ఉంచండి. నీళ్ళు, వెలుతురు లోపలికి వెళ్ళాలి.

చీలాక టెంటకిల్స్ కొసల్లో ఉండే బుడగలు పోయి, అవి పొడుగ్గా అయ్యాయి. ఏదైనా లోపమా?

కాదు. బుడగలు ఎందుకు వస్తాయో, ఎందుకు పోతాయో తేల్చి చెప్పే జవాబు లేదు. ఆరోగ్యంగా ఉన్న బబుల్‌టిప్‌లు బుడగలు లేకుండా ఏళ్ళకేళ్ళు ఉంటాయి. రంగూ, అతుక్కునే గుణమూ చూడండి, బుడగలు కాదు.

బ్లేడుతో నేనే కోసి రెండు చేయొచ్చా?

బబుల్‌టిప్‌ని పదునైన బ్లేడుతో నోటి మధ్యగా కోసి పెంచేవాళ్ళు ఉన్నారు, చాలావరకు బతుకుతాయి కూడా. అయినా ఇంట్లో ఒక్క ట్యాంక్ పెట్టుకున్నవాళ్ళకి ఇది వద్దని చెప్తాను. కోసిన ముక్క కుళ్ళితే విడిగా పెట్టడానికి ఇంకో ట్యాంక్ ఉండాలి. పైగా తనంతట తాను చీలే జంతువుని తొందరపెట్టాల్సిన అవసరం మనకి ఏముంది? కార్పెట్ అనిమోన్లకీ మాగ్నిఫికాకీ మాత్రం ఈ ఆలోచనే చేయకండి.

చీలకుండా ఆపొచ్చా?

పూర్తిగా ఆపలేం. తిండి తగ్గించి, నీళ్ళ మార్పుల్లో ఉప్పుదనం, వేడి సరిచూసి పోస్తే చీలడం తగ్గుతుంది. ఒకే పెద్ద అనిమోన్ కావాలనుకుంటే మొదటే వేరే జాతి తెచ్చుకోవడం మంచిది. దానికి పెద్ద ట్యాంక్, ఏడాది దాటిన అనుభవం కావాలి.

ఎండాకాలంలోనే చీలుతోంది. ఎందుకు?

హైదరాబాద్‌లో గానీ, విజయవాడలో గానీ ఏప్రిల్, మే నెలల్లో చిల్లర్ (నీళ్ళని చల్లబరిచే యంత్రం) లేని ట్యాంక్ 30 డిగ్రీలు సులువుగా దాటుతుంది. వేడి ఎక్కితే నీళ్ళలో ఆక్సిజన్ తగ్గుతుంది, అనిమోన్ తన జూజాంథెల్లేని బయటికి నెట్టేసి తెల్లబడుతుంది. సముద్రంలో పగడాలు తెల్లబడేదీ ఇలాగే. నీళ్ళ మీద ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కానీ నీళ్ళు ఆవిరై ఉప్పుదనం పెరుగుతుంది. కాబట్టి రోజూ ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్ళు పోయాలి, లేదా ఆవిరైన నీళ్ళని తనే నింపే ఆటో టాప్ఆఫ్ పెట్టుకోవాలి. కరెంటు పోతే పనిచేసే బ్యాటరీ ఎయిర్ పంప్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కొత్త లైట్ కొనేముందు చిల్లర్ కొనండి.

ఇవి గుడ్లు పెట్టవా?

పెడతాయి. బబుల్‌టిప్‌లలో ఆడ, మగ వేరు. సముద్రంలో గుడ్లనీ వీర్యాన్నీ నీళ్ళలోకి వదులుతాయి. మీ ట్యాంక్‌లో పది ఉన్నా అవి ఒకదాని నుంచే చీలినవైతే అన్నీ ఆడవో, అన్నీ మగవో అయి ఉంటాయి, వాటి మధ్య పిల్లలు పుట్టడం జరగదు.

రాళ్ళ మీద చిన్న గోధుమరంగు అనిమోన్లు మొలుస్తున్నాయి. మా బబుల్‌టిప్ పిల్లలేనా?

కాదు, అవి ఐప్టాసియా అనే కలుపు అనిమోన్లు. పారదర్శకంగా, సన్నటి కాడ మీద పొడుగు టెంటకిల్స్‌తో ఉంటాయి. ముట్టుకుంటే చటుక్కున సందులోకి దూరతాయి. ఇవి నిలువునా చీలవు. పాదం జరిపేటప్పుడు అక్కడక్కడా కండ ముక్కలు వదిలేస్తాయి, ప్రతి ముక్కా కొత్త ఐప్టాసియా అవుతుంది. అందుకే వాటిని గీకొద్దు, కోయొద్దు. కాల్క్‌వాసర్ (సున్నం) ముద్దని సిరంజితో నోట్లోకి ఎక్కించడం, పెప్పర్‌మింట్ రొయ్యలు, బెర్గియా నుడిబ్రాంక్‌లు (పెంకు లేని సముద్రపు నత్తలు), ఇవీ దారులు. బెర్గియా తినేది ఐప్టాసియానే కాబట్టి మీ బబుల్‌టిప్ జోలికి రాదు.

అనిమోన్ ఎంతకాలం బతుకుతుంది?

సరిగ్గా చూసుకుంటే మనం అనుకునే దానికంటే చాలా ఎక్కువ. స్కాట్లాండ్ ప్రకృతి శాస్త్రవేత్త జాన్ గ్రాహం డాల్యెల్ 1828లో నార్త్ బెర్విక్ తీరంలో పట్టిన ఒక అనిమోన్‌ని గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో చనిపోయాడు, గ్రానీ అని పేరు పడ్డ ఆ అనిమోన్ 1887 దాకా బతికింది. అది వేరే జాతి, చల్లటి నీళ్ళది. అయినా ఫిల్టర్లు, లైట్లు లేని రోజుల్లో, నీళ్ళు మార్చే ఓపికతోనే అంతకాలం బతికించారు. చీలే జాతుల్లో అయితే వయసు లెక్కే కష్టం. మీ ట్యాంక్‌లో ఉన్న ముక్క మొదలు ఏ రీఫ్ మీద, ఎప్పుడు పుట్టిందో ఎవరికి తెలుసు?

షాపులో కొనకుండా సముద్రం నుంచే తెచ్చుకోవచ్చు కదా?

వద్దు. పీకేటప్పుడు పాదం చిరుగుతుంది, ఎక్కువ శాతం ఇంటికి వచ్చాక చచ్చిపోతాయి. అనిమోన్ పోయిన చోట దాంట్లో బతికే క్లౌన్‌ఫిష్ జంటకీ దిక్కుండదు. గట్టి పగడాల విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉంది. 2001 నుంచి అవి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. ఇంట్లో చీలిన ముక్క చేతులు మారిన ప్రతిసారీ రీఫ్ మీద ఒక అనిమోన్ మిగులుతుంది. కొనేటప్పుడు ట్యాంక్‌లో చీలినదేనా అని అడిగి కొనండి.

ఎక్కువైపోయాయి. వేరేవాళ్ళకి ఎలా ఇవ్వాలి?

చీలి నెల దాటిన, తింటున్న ముక్కనే ఇవ్వండి. రాయితో సహా ఇవ్వగలిగితే అంతకన్నా మంచిది లేదు. విడదీయాల్సి వస్తే పాదం అంచుని వేలిగోరుతో కొద్దికొద్దిగా, ఓపిగ్గా లేపండి. గట్టిగా లాగొద్దు. చిన్న వేవ్‌మేకర్ ప్రవాహాన్ని పాదం వైపు తిప్పి పెట్టినా కొన్ని గంటల్లో తనే వదులుతుంది. ఇచ్చే ముందు రెండు రోజులు తిండి ఆపండి, లేకపోతే కవర్లోనే కక్కి ఆ నీళ్ళలోనే చస్తుంది. రెండు కవర్లు ఒకదాంట్లో ఒకటి వేసి, థర్మోకోల్ పెట్టెలో పెట్టండి. ఎండాకాలం అయితే సాయంత్రం దాటాక పంపండి.

కావాల్సినవాళ్ళు దొరకలేదని సముద్రంలో మాత్రం వదలొద్దు. మీ ట్యాంక్‌లో వేరే దేశం నుంచి వచ్చిన జీవులు, క్రిములు ఉంటాయి, అవి మన తీరానివి కావు. పక్కన ఉన్న అక్వేరియం షాపుకి ఊరికే ఇచ్చినా పర్వాలేదు. తీసుకునేవాళ్ళ ట్యాంక్ పెట్టి ఆరు నెలలు కూడా కాకపోతే మొహమాటపడకుండా ఆగమని చెప్పండి. ఇచ్చేటప్పుడు మీ ట్యాంక్ ఉప్పుదనం, వేడి, లైట్ ఎంతసేపు వెలుగుతుందో ఒక కాగితం మీద రాసి కవర్‌కి అంటించండి.